కటపయాదికి ముప్పై, చెవికి డెబ్బై

సీబీఎస్ఈ ప్లస్ టూలో కర్ణాటక సంగీతం కూడా బోర్డు పరీక్ష రాసే సబ్జెక్టే. గాత్రం కోడ్ 031. థియరీకి 30 మార్కులు, ప్రాక్టికల్‌కి 70. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు నేను అదీ తీసుకున్నాను. నిజం చెప్పాలంటే, మార్కులు తేలిగ్గా వస్తాయని.

థియరీ మనలాంటి వాళ్లకి పండగే. 72 మేళకర్త రాగాల నంబర్లు బట్టీ పట్టక్కర్లేదు, కటపయాది తెలిస్తే చాలు. క నుంచి ఝ వరకు 1 నుంచి 9. ట నుంచి ధ వరకు మళ్లీ 1 నుంచి 9. ప నుంచి మ వరకు 1 నుంచి 5. య నుంచి హ వరకు 1 నుంచి 8. న, ఞ సున్నాలు. రాగం పేరులో మొదటి రెండు అక్షరాల అంకెలు రాసి తిరగెయ్యాలి. ధీరశంకరాభరణం: ధ 9, ర 2, తిరగేస్తే 29. శంకరాభరణానికి ముందు ‘ధీర’ తగిలించింది ఈ లెక్క కోసమే! మేచకల్యాణి: మ 5, చ 6, తిరగేస్తే 65. (సంయుక్తాక్షరాల దగ్గర కాస్త చిక్కుంది, అది వదిలేద్దాం.)

నంబరు తెలిస్తే స్వరాలూ వస్తాయి. 36 వరకు శుద్ధ మధ్యమం, ఆ పైన ప్రతి మధ్యమం. ఒక్కో చక్రానికి ఆరు రాగాలు. ఏ చక్రమన్నదాన్ని బట్టి రి, గ. చక్రంలో ఎన్నోదన్నదాన్ని బట్టి ధ, ని. 65లోంచి 36 తీసేస్తే 29. అంటే శంకరాభరణానికీ కల్యాణికీ తేడా ఒక్క మధ్యమమే. ఇదంతా పేపర్ మీద చకచకా రాసేశాను.

ప్రాక్టికల్‌లో ఎగ్జామినర్ మేడమ్ చిన్న ఆలాపన పాడి, “ఏ రాగం బాబూ?” అన్నారు.

“శంకరాభరణం మేడమ్.”

“మధ్యమం విను,” అని మళ్లీ పాడారు. వింటున్నాను గానీ, అందులో మధ్యమం ఎక్కడుందో నాకు తెలిస్తేగా! అది కల్యాణి. ఆ రెండు రాగాల తేడా గురించి థియరీలో ఒక పేజీ రాసినవాణ్ణి నేను.

మేడమ్ చెప్పిన కిటుకు ఇది. శ్రుతి పెట్టుకుని ‘గ మ ప’ నెమ్మదిగా పాడాలి. శంకరాభరణంలో మ, గకి ఆనుకుని ఉంటుంది. కల్యాణిలో పైకి జరిగి పకి ఆనుకుంటుంది. కీబోర్డు మీద సి దగ్గర షడ్జమం పెట్టుకుంటే మొదటిది ఎఫ్, రెండోది దాని పక్కనున్న నల్ల కీ. ఒకటి తర్వాత ఒకటి నాలుగుసార్లు నొక్కి చూడండి, తేడా వినపడుతుంది.

నాకూ రెండు నిమిషాల్లోనే వినపడింది. కాకపోతే మార్కులు అప్పటికే వేసేశారు.