మధ్యరకపు ట్రాక్టరు: కొనుటకు ముందు వేసికొనవలసిన లెక్క

"అదను ఎరిగి సేద్యము, పదును ఎరిగి పైరు" అని పెద్దలు చెప్పుదురు. తొలకరి వాన పడిన తరువాత నేలలో పదును నిలిచియుండు దినములు కొలదియే. ఆ దినములలో దుక్కి ముగించుటకు ట్రాక్టరు మంచి సాధనము. కనుకనే బ్యాంకు అప్పు దొరకగానే రైతు మనసు ట్రాక్టరు మీదికి పోవుచున్నది. ఇది తప్పు కాదు. కాని ఎడ్లజతకును ట్రాక్టరుకును ఒక భేదము కలదు. పని లేని నాడు ఎడ్లు పేడనైనను ఇచ్చును. ట్రాక్టరు కొట్టములో నిలిచియున్నను వడ్డీ పెరుగుచునే యుండును.

నేను పనిచేసిన ఒక గ్రామమున ఆరు ఎకరముల రైతు ఒకరు, పొరుగువారికి 45 అశ్వశక్తుల ట్రాక్టరు ఉన్నదని, తాము 55 అశ్వశక్తుల దానిని కొనిరి. మూడవ యేట వాయిదాలు చెల్లింపలేక ట్రాక్టరును, దానితోపాటు ఒక ఎకరమును అమ్ముకొనవలసి వచ్చినది. యంత్రములో లోపమేమియు లేదు. లోపము లెక్కలోనే యున్నది. ఆ లెక్క ఎట్లు వేయవలెనో ఇక్కడ వివరించుచున్నాను.

మొదట గంటల లెక్క

15 ఎకరముల కమతమును ఉదాహరణగా తీసికొందము. అందు 9 ఎకరములు మాగాణి, 6 ఎకరములు రేగడి మెట్ట. మాగాణిలో రెండు పంటలకును దమ్ము చేయవలెను. అన్ని చాళ్లును కలిపి ఎకరమునకు 3 గంటలు పట్టిన, 54 గంటలు అగును. మెట్టలో 9 కర్రుల కల్టివేటరు గంటకు సుమారు ఎకరమున్నర దున్నును. మూడు సార్లు దున్నుటకు 12 గంటలు. ఎరువు తోలుటకు, పంట ఇంటికి, మార్కెట్టుకు చేర్చుటకు 60 గంటలు వేసికొందము. మొత్తము 126 గంటలు. అనగా సాలుకు పదునారు రోజుల పని మాత్రమే.

ఇక ఖర్చు చూడుడు. లెక్క కొరకు ట్రాక్టరు ధర 8,00,000 రూపాయలు అనుకొందము. పది సంవత్సరముల తరువాత పదవ వంతు ధర వచ్చుననుకొనిన, ఏటేటా తరుగు 72,000 రూపాయలు. సగటు విలువ 4,40,000 రూపాయలపై నూటికి 10 చొప్పున వడ్డీ 44,000. భీమా, పన్ను, కొట్టము ఖర్చు నూటికి 2 చొప్పున 16,000. మొత్తము 1,32,000 రూపాయలు. ఇది ట్రాక్టరు తిరిగినను తిరుగకున్నను తప్పని ఖర్చు. డీజిలు, డ్రైవరు కూలి, మరమ్మతులు ఇందులో చేరలేదు.

ఈ మొత్తమును గంటలకు పంచిన ఇట్లుండును:

సాలుకు 1,000 గంటలు నడచిన, గంటకు 132 రూపాయలు.
500 గంటలు నడచిన, గంటకు 264 రూపాయలు.
126 గంటలు నడచిన, గంటకు 1,048 రూపాయలు.

మీ ఊరి కిరాయిలో డీజిలు, కూలి, మరమ్మతులు పోగా గంటకు 300 రూపాయలు మిగులుననుకొందము. అప్పుడు ట్రాక్టరు తన ఖర్చు తాను రాబట్టుకొనుటకు సాలుకు 440 గంటలు నడువవలెను. సొంత పని 126 గంటలే గనుక, బయట 314 గంటల పని దొరకవలెను. ఊరిలో ఇప్పటికే పది ట్రాక్టర్లున్నచో ఆ పని దొరకునా? ఈ ప్రశ్నకు జవాబు తెలియక కొనరాదు. ధర, వడ్డీ, కిరాయి అంకెలను మీ ప్రాంతమునకు తగినట్లు మార్చి ఈ లెక్కనే వేసికొనుడు.

ఎన్ని అశ్వశక్తులు కావలెను?

మధ్యరకపు ట్రాక్టర్లు 35 మొదలు 50 అశ్వశక్తుల వరకు ఉండును. బోనెట్టు మీది అంకె ఇంజను శక్తిని చెప్పును. రొటవేటరు, నూర్పిడి యంత్రము మొదలగు వానిని త్రిప్పు పి.టి.ఓ. ఇరుసు వద్దకు అందులో నూటికి 85 వంతుల వరకు చేరును. 45 అశ్వశక్తుల ట్రాక్టరులో ఇది సుమారు 38. నాగలిని లాగుటకు మిగులు శక్తి ఇంకను తక్కువ. మెత్తని నేలలో మరింత తగ్గును. కావున అమ్మకందారుని పి.టి.ఓ. శక్తి ఎంతయని అడుగుడు.

రేగడిలో నాగలి లాగుడు తేలిక చల్కా నేలకన్న ఇంచుమించు రెట్టింపు ఉండును. చల్కా నేలలకు, కల్టివేటరు పనికి, ట్రాలీ తోలుటకు 35 నుండి 40 అశ్వశక్తులు చాలును. అయిదు అడుగుల రొటవేటరుకు 40 నుండి 45, ఆరు అడుగుల దానికి 45 నుండి 50 ఉండుట మేలు. చిన్న ట్రాక్టరుకు పెద్ద రొటవేటరు తగిలించిన ఇంజను మూలుగును, డీజిలు మండును, పని సాగదు. పెద్ద ట్రాక్టరుకు చిన్న పనిముట్టు తగిలించిన పెట్టుబడి వృథా. పనిముట్టును ముందు నిర్ణయించుకొని, దానికి తగిన ట్రాక్టరును ఎంచుకొనుడు.

బరువు, చక్రములు

మెట్ట దుక్కిలో ట్రాక్టరుకు బరువు అవసరము. తేలికయైనచో వెనుక చక్రములు ఉన్నచోటనే తిరుగును. దీనిని పొలములోనే పరీక్షింపవచ్చును. వెనుక టైరు మీద సుద్దతో గుర్తు పెట్టి, నాగలి పైకెత్తి, చక్రము 10 చుట్లు తిరుగునప్పటి దూరము కొలువుడు. నాగలి దించి దున్నుచు మరల కొలువుడు. మొదట 40 మీటర్లు, పిదప 34 మీటర్లు వచ్చిన జారుడు నూటికి 15 వంతులు. అంతకు మించినచో ఇనుప బరువులు చేర్చవలెను, లేదా టైర్లలో నీరు నింపవలెను.

మాగాణిలో సంగతి వేరు. అచట అధిక బరువు బురదలో దిగబడును. దమ్ము ప్రధానమైన కమతములకు తేలికయైనదియు, నాలుగు చక్రములును లాగునదియు అనుకూలము. దాని ధర కొంత ఎక్కువ. దమ్మునకు వాడు ఇనుప కేజి చక్రములతో తారు రోడ్డు ఎక్కరాదు. రోడ్డు పాడగును.

బేరమునకు ముందు చూడవలసినవి

1. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలోను, అనంతపురము జిల్లా గార్లదిన్నెలోను కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలు కలవు. మీరు కొనదలచిన నమూనాకు పరీక్షా నివేదిక చూపుమని అడుగుడు.
2. పి.టి.ఓ. నిమిషమునకు 540 చుట్లు తిరుగునప్పుడు ఇంజను వేగమెంతయో, డీజిలు ఎంత ఖర్చగునో చూడుడు.
3. హైడ్రాలిక్ లిఫ్టు మీ బరువైన పనిముట్టును సులభముగా ఎత్తవలెను. ఎత్తినపుడు ముందు చక్రములు తేలరాదు.
4. విడిభాగములు, మెకానిక్కు దగ్గరి పట్టణమున దొరకవలెను. అదనులో నాలుగు రోజులు ఆగిపోయిన ట్రాక్టరు ఎంత చౌకయైనను ఖరీదైనదే.
5. పి.టి.ఓ. ఇరుసుకు కవచము తప్పక ఉండవలెను. పంచె కొంగు చిక్కుకొనిన ప్రాణమునకే ముప్పు. ట్రాలీలో మనుషులను ఎక్కించరాదు.

కొనలేనివారి మార్గము

2015–16 వ్యవసాయ గణన ప్రకారము మన దేశములో సగటు కమతము 1.08 హెక్టార్లు. ఇట్టి కమతమునకు సొంత ట్రాక్టరు గిట్టదు. నలుగురైదుగురు రైతులు కలిసి కొనుట, లేదా సంఘముగా యంత్రములను అద్దెకిచ్చు కేంద్రము నడుపుకొనుట మేలు. అయితే ఎవరి పొలము ముందు, ఎవరిది తరువాత, మరమ్మతు ఖర్చు ఎవరిదను షరతులు కాగితము మీద వ్రాసికొనవలెను. అదనులో వచ్చు తగవులు ఇందువలన తప్పును. గ్రామాధికారులును, వ్యవసాయ విస్తరణాధికారులును ఊరిలో ట్రాక్టర్లెన్ని, వానికి చాలినంత పని ఉన్నదా అను వివరములు వ్రాసి ఉంచిన, కొనదలచిన రైతునకు అదియే మంచి సలహా అగును.

రైతు సోదరులారా! పొరుగువాని ట్రాక్టరును చూచి కొనకుడు. మీ నేలను, మీ పనిని చూచి కొనుడు. అప్పు పత్రముపై సంతకము చేయుటకు ముందు ఒక సాయంకాలము కూర్చుండి, ఇంటివారి యెదుట, సంవత్సరమునకు ఎన్ని గంటల పని కలదో కాగితము మీద వేసి చూచుకొనుడు. 440 వంటి అంకె మీకును తేలినచో, అన్ని గంటల పని కన్పించినప్పుడు ధైర్యముగా కొనుడు. కన్పించనిచో ఈ ఏటికి కిరాయితోనే సేద్యము సాగించుడు. భూమి చేతిలో నిలిచినచో ట్రాక్టరును ఎప్పుడైనను కొనవచ్చును.