పడవ ఇంజను వణకునప్పుడు

2020 అక్టోబరులో శంషాబాదు దారినున్న గగనపహాడ్ వద్ద అప్పచెరువు తెగి రహదారిని ముంచెత్తినది. అట్టి వేళ ఇంజను పడవయే దిక్కు. కావున పంచాయతీ సభ్యులకు ఒక సంగతి మనవి చేయుచున్నాము.

పడవ వణకుచున్నచో ముందు గేరు తప్పించి ఇంజనును నడిపి చూడవలెను. అప్పుడును వణకినచో దోషము ఇంజనుది. బోల్టులు వదులైనవేమో, ఏదేని సిలిండరు మండుట లేదేమో చూడవలెను. గేరు వేసినప్పుడే వణకినచో దోషము వెనుకనున్న ఇరుసుదో, పంకాదో. ఇంజను ఆపి, తాళపుచెవి చేతికి తీసుకొనిన పిమ్మటనే పంకాను ముట్టవలెను. రెక్క వంగియుండవచ్చును; పెద్ద రోగమనుకొన్నది చుట్టుకొనిన గుర్రపుడెక్కయో, వలత్రాడో కూడ కావచ్చును. ఇరుసు ఇంజనుతో తిన్నగా నున్నదీ లేనిదీ పడవ నీటిపై నున్నప్పుడే సరిచూడవలెను. గట్టున కెత్తినచో అడుగుభాగము కొంచెము వంగును. ఉపేక్షించినచో ఇరుసు వెలుపలికి పోవు చోటి బిగింపు అరిగి, జనమును ఎక్కించుకొనిన పడవలోనికే నీరు చొచ్చును.