పెంటకు వెళ్లేటప్పుడు

ప్రశ్న: మాది లింగాల. చైత్ర పౌర్ణమికి హైదరాబాద్ నుంచి మా ఆఫీసువాళ్లు సలేశ్వరం జాతరకు వస్తామంటున్నారు. దారిలో తెలిసిన చెంచువాళ్ల ఇంటికీ వెళ్లాలనుకుంటున్నాం. ఎలా మెలగాలి?

జవాబు: ముందు పిలుపు సరిచూసుకోండి. తహసీల్దారు ఆఫీసులో కుర్రగుమస్తాను కూడా 'సార్, మీరు' అంటాం. పెంటలో, అంటే చెంచుల గూడెంలో, డెబ్బై ఏళ్ల పెద్దాయనను మాత్రం 'ఏయ్, నువ్వు' అనేస్తాం. ఇది చనువు కాదు, చిన్నచూపే. సలేశ్వరంలో లింగమయ్యకు పూజ చేసేది చెంచులే. పూజారికిచ్చే మర్యాద వాళ్లకూ దక్కాలి. 'తాతా', 'పెద్దమ్మా', 'అన్నా' అని పిలవండి, 'మీరు' అనండి.

వస్తున్నట్టు ముందే కబురు పెట్టండి. గుడిసె బయటే ఆగి పలకరించండి, రమ్మన్నాకే లోపలికి వెళ్లండి. ఫోటోల విషయంలో మీవాళ్లకు గట్టిగా చెప్పండి. అడగకుండా ఎవరినీ, ముఖ్యంగా ఆడవాళ్లనూ పిల్లలనూ తీయకూడదు. వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయాలి. పిల్లలకు చిల్లర డబ్బులు పంచడం వాళ్లను చేయి చాపమనడమే. తేనె నచ్చితే చెప్పిన ధరకే కొనండి, బేరమాడొద్దు.

సలేశ్వరం లోయలోకి దిగే దారి ఇరుకు. ముసలివాళ్లకు, పిల్లలను ఎత్తుకున్నవాళ్లకు దారివ్వండి. తోటి భక్తులు 'వస్తున్నాం లింగమయ్యా' అంటే మీరూ గొంతు కలపండి, అక్కడ అదే పలకరింపు. ఆ అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి స్పీకర్లు, ప్లాస్టిక్ సీసాలు ఇంట్లోనే వదిలేయమనండి. బయల్దేరే ముందే ఇవన్నీ మీ అతిథులకు చెప్పండి. వాళ్లు నొచ్చుకుంటారని మొహమాటపడకండి.