చిన్న కోళ్ళ పెంపకందారులకు తనిఖీ నిబంధనల సడలింపు: బెజ్జంకి మండల నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

కోడిని పెంచి ప్రాణంతో అమ్మే రైతు ఆహార భద్రత చట్టం పరిధిలోకి రాడు. అదే కోడిని కోసి, శుభ్రపరచి అమ్మితే ఆహార వ్యాపారి అవుతాడు. రోజుకు 50 కోళ్ళ వరకు నమోదు సరిపోతుంది. ఆ సంఖ్య దాటితే అనుమతి పత్రం, వధశాల ప్రమాణాలు, పశువైద్యుని పరీక్ష అవసరమవుతాయి. పండుగల చుట్టూ తిరిగే నాటుకోళ్ళ అమ్మకానికి ఈ రోజువారీ కొలత సరిపడదని, దాని స్థానంలో సాంవత్సరిక పరిమితిని, ఒక్కొక్క కోడి పరీక్ష స్థానంలో మంద ఆరోగ్య ధ్రువీకరణను ప్రవేశపెట్టాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. వ్యాధి నివేదన, పారిశుద్ధ్యం, ఔషధ అవశేషాల విషయంలో ఎటువంటి సడలింపూ తగదని కూడా స్పష్టం చేస్తున్నది.

కీలక పదాలు: పెరటి కోళ్ళు, మాంస తనిఖీ, ఆహార భద్రత, చిన్న రైతులు, బెజ్జంకి

పరిచయం

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని కోళ్ళ సంఖ్య 85.18 కోట్లు. ఇందులో పెరటి కోళ్ళు 31.7 కోట్లు, అనగా మూడింట ఒక వంతుకు పైగా. అంతకు ముందరి గణనతో పోల్చినప్పుడు వాణిజ్య ఫారాలలోని కోళ్ళు 4.5 శాతం పెరుగగా, పెరటి కోళ్ళు సుమారు 46 శాతం పెరిగాయి. దాదాపు 8 కోట్ల కోళ్ళతో తెలంగాణ దేశంలో మూడవ స్థానంలో నిలిచింది. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల నుంచి వెలువడిన రాజశ్రీ రకం పెరటి పెంపకానికి ఊతమిచ్చాయి.

పెంపకంపై జరిగినంత పరిశోధన, బోధన ఆ కోడి అమ్మకంపై జరుగలేదు. బెజ్జంకి వంటి మండలంలో ఈ లోటు స్పష్టంగా కనబడుతుంది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చిన ఈ మండలం రాజీవ్ రహదారికి చేరువలో, రెండు జిల్లా కేంద్రాలకు నడుమ ఉన్నది. రెండు పట్టణాలలోనూ నాటుకోడికి గిరాకీ ఉన్నది. అయినను పల్లెలోని పెంపకందారు కోడిని ప్రాణంతో మారుబేరగానికి అప్పగించడమే సులువైన మార్గంగా మిగిలింది. కోసి శుభ్రపరచడం వల్ల పెరిగే విలువ పట్టణంలోని దుకాణానికి చేరుతున్నది. దీనికి మార్కెట్ కారణాలతో పాటు నిబంధనల అమరిక కూడా ఒక కారణం.

చట్టంలోని అమరిక

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 18వ విభాగం రైతును, వ్యవసాయ కార్యకలాపాలను, పశుసంపదను చట్టం పరిధి నుంచి మినహాయించింది. కోడి పెరటిలో ఉన్నంతవరకు ఈ రక్షణ ఉంటుంది. అమ్మకం కొరకు కోడిని కోసిన క్షణం నుంచి 2011 నాటి అనుమతి, నమోదు నిబంధనలు వర్తిస్తాయి. అవి మూడు అంతస్తులుగా ఉన్నాయి.

మొదటిది నమోదు. వార్షిక వ్యాపారం 12 లక్షల రూపాయలకు మించక, వధ సామర్థ్యం రోజుకు 50 కోళ్ళకు లోబడి ఉన్నవారు చిన్న ఆహార వ్యాపారులుగా నమోదు చేసుకొంటారు. రుసుము సంవత్సరానికి 100 రూపాయలు. వీరు నాలుగవ అనుబంధం మొదటి భాగంలోని ప్రాథమిక పరిశుభ్రత నియమాలను పాటిస్తే చాలు. రెండవది రాష్ట్ర అనుమతి: రోజుకు 50కి పైబడి 1,000 వరకు కోళ్ళు. మూడవది 1,000కి పైబడిన వారికి కేంద్ర అనుమతి. అనుమతి పరిధిలోకి వచ్చిన వధశాలకు అదే అనుబంధంలోని నాలుగవ భాగం వర్తిస్తుంది. స్థానిక సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం, వధకు ముందు, తరువాత పశువైద్యుని పరీక్ష, వేర్వేరు గదులు, వ్యర్థజల నిర్వహణ మొదలైనవి తప్పనిసరి.

దీనికి తోడు జంతు హింస నివారణ (వధశాల) నిబంధనలు, 2001 ఉన్నాయి. రోజుకు 10 లేదా అంతకు మించిన జంతువులను వధించే స్థలాన్ని అవి వధశాలగా నిర్వచించాయి. ఒక పశువైద్యుడు గంటకు 12కు, రోజుకు 96కు మించి జంతువులను పరీక్షించరాదని పేర్కొన్నాయి. గొర్రెలను, పశువులను దృష్టిలో ఉంచుకొంటే ఇది సబబైన నియమం. కోళ్ళకు అక్షరాలా వర్తింపజేస్తే ఒక్కొక్క కోడికి ఐదు నిమిషాలు కేటాయించవలసి వస్తుంది. పురపాలక పరిధిలోనే వధశాల వెలుపలి వధపై ఆ నిబంధనలలో నిషేధం ఉన్నందున బెజ్జంకి వంటి గ్రామీణ మండలంపై ఆ భారం నేరుగా పడదు. కాని సరుకును పట్టణానికి చేర్చదలచిన సంఘానికి ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు.

రోజువారీ పరిమితిలోని చిక్కు

చిన్న రైతుకు 50 కోళ్ళ పరిమితి చాలదా అన్న సందేహం సహజం. చిక్కు సంఖ్యలో లేదు, దానిని కొలిచే కాలంలో ఉన్నది. నాటుకోడి అమ్మకం ఏడాది పొడవునా సమంగా సాగదు. బోనాలు, దసరా, పోచమ్మ, ఎల్లమ్మ పండుగలు, పెళ్ళిళ్ళు, సమ్మక్క జాతరకు ముందు ఇళ్ళలో చేసుకొనే మొక్కులు: ఈ కొద్ది రోజులలోనే గిరాకీ పోగుపడుతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. బెజ్జంకి మండలంలో ఒక మహిళ సంవత్సరానికి 400 కోళ్ళను పెంచి అమ్ముతున్నదనుకొందాం. దసరా ముందు రోజున 120, బోనాల ఆదివారం 80, మిగిలిన 200 ఏడాదిలో అప్పుడప్పుడు. కోడికి 600 రూపాయల చొప్పున లెక్కించినా ఆమె వార్షిక అమ్మకం 2,40,000 రూపాయలు, అంటే 12 లక్షల పరిమితిలో ఐదవ వంతు. అయినను రెండు రోజులు ఆమె 50 కోళ్ళ గీత దాటుతున్నది. నిబంధనలోని పదం ‘సామర్థ్యం’ కావడం వల్ల ఆ రెండు రోజుల పనినే ఆమె సామర్థ్యంగా భావించి, అనుమతి పత్రం కోరే అవకాశం అధికారికి ఉన్నది.

ఇటు పట్టణ వీధిలోని దుకాణదారు రోజుకు 50 చొప్పున 365 రోజులు కోస్తే అతని వార్షిక సంఖ్య 18,250. రోజువారీ కోళ్ళ సంఖ్యను మాత్రమే చూస్తే అతనికి నమోదు చాలు. 18,250 కోళ్ళు కోసినవారికి తేలిక నియమం, 400 కోళ్ళు కోసినవారికి కఠిన నియమం వర్తించే ఈ స్థితి ప్రమాద పరిమాణానికి అనుగుణంగా లేదు.

కంటి పరీక్ష ఎంతవరకు రక్షణ?

మాంస తనిఖీ పద్ధతి క్షయ, బద్దెపురుగు వంటి కంటికి కనబడే వ్యాధులు ప్రధానంగా ఉన్న కాలంలో రూపుదిద్దుకొన్నది. నేడు కోడి మాంసం ద్వారా మనుషులకు సోకే ప్రధాన క్రిములు సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్. ఇవి ఆరోగ్యంగా కనబడే కోడి పేగులలోనే ఉంటాయి; కాలేయాన్ని, కందనకాయను ఎంత నిశితంగా చూసినా కనబడవు. ఐరోపా ఆహార భద్రత ప్రాధికార సంస్థ 2012లో వెలువరించిన అభిప్రాయంలో ఈ విషయాన్నే స్పష్టం చేసి, మంద స్థాయి సమాచారానికి ప్రాధాన్యం ఇవ్వాలని సూచించింది. అమెరికాలో 2014లో వచ్చిన నూతన తనిఖీ విధానం కింద పెద్ద కర్మాగారాలలో నిమిషానికి 140 కోళ్ళ వేగం వరకు అనుమతి ఉన్నది. అంటే ఒక కోడిపై తనిఖీదారు చూపు నిలిచేది అర సెకను కన్నా తక్కువ. అక్కడ రక్షణ భారాన్ని ప్రధానంగా మోస్తున్నవి శీతలీకరణ, క్రిమి పరీక్షలు, ప్రక్రియ నియంత్రణ.

చిన్న పెంపకందారు విషయంలో క్రిముల వ్యాప్తిని నిర్ణయించే అంశాలు కొన్నే: కోసే ముందు మేత ఆపడం, పేగులు తెగకుండా తీయడం, శుభ్రమైన నీరు, ఈకలు తీసే చోటును పేగులు తీసే చోటు నుంచి వేరు చేయడం, కోసిన గంటలలోనే అమ్మడం లేదా 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచడం. ఇవన్నీ శిక్షణతో సాధించదగినవి. వీటికి పశువైద్యుడు ప్రతి కోడి పక్కన నిలబడవలసిన అవసరం లేదు. మండల పశువైద్యునిపై పశువులు, గేదెల చికిత్స, టీకాల భారంతో పాటు, 2017లో ఆరంభమైన పంపిణీ పథకం తరువాత గొర్రెల పని కూడా పెరిగింది. ఆయన సమయాన్ని పండుగ ఉదయం కోళ్ళను లెక్కించడానికి కాక మందలలో వ్యాధిని ముందుగా గుర్తించడానికి వినియోగించడమే మేలు.

ఇతర దేశాల మినహాయింపులు, మన పాల సంఘాలు

అమెరికా కోళ్ళ ఉత్పత్తుల తనిఖీ చట్టం (1957), తరువాతి సవరణలతో కలిపి, తాను పెంచిన కోళ్ళను సంవత్సరానికి 1,000 వరకు కోసి అమ్మే రైతును ఒక్కొక్క కోడి తనిఖీ నుంచి మినహాయించింది. మరికొన్ని షరతులతో ఈ పరిమితి 20,000 వరకు ఉన్నది. సరుకు రాష్ట్రం దాటరాదు. పారిశుద్ధ్య నియమాలు, కల్తీ నిషేధం యథాతథం. ఐరోపా సమాఖ్య 853/2004 నిబంధన కూడా రైతు పొలం వద్దనే కోసి, వినియోగదారుకు లేదా స్థానిక దుకాణానికి నేరుగా ఇచ్చే కొద్ది పరిమాణాలను మినహాయించి, వాటిపై నియమాలు చేసే బాధ్యతను సభ్యదేశాలకు వదిలింది. రెండింటిలోనూ మూడు సూత్రాలు సమానం: స్వయంగా పెంచిన కోడి, నేరు అమ్మకం, స్థానిక పరిధి.

ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మన నిబంధనలలోనే ఉన్నది. సహకార పాల సంఘంలో సభ్యత్వం ఉండి, పాలు మొత్తం సంఘానికే పోసే ఉత్పత్తిదారుకు 2011 నిబంధనలు నమోదు నుంచి మినహాయింపు ఇచ్చాయి. బాధ్యత సంఘానిది, పరీక్ష సంఘం వద్ద. పాలకు వర్తించిన ఈ న్యాయాన్ని మహిళా సంఘాల ద్వారా కోళ్ళు పెంచేవారికి విస్తరించడానికి సూత్రరీత్యా అడ్డంకి లేదు.

సడలించరాని అంశాలు

సడలింపును వ్యతిరేకించేవారి వాదనలో బలమున్నది. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో తొలిసారిగా బయటపడిన బర్డ్ ఫ్లూ 2025 ఆరంభంలో గోదావరి జిల్లాలను, తెలంగాణలో చౌటుప్పల్ ప్రాంతాన్ని తాకింది. అదే ఏడాది మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్నారి ఈ వైరస్ సోకి మరణించింది. వ్యాధి నిర్ధారణ అయిన చోట ఒక కిలోమీటరు పరిధిలో కోళ్ళను సంహరించడం, పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంచడం జాతీయ కార్యాచరణ ప్రణాళికలోని నియమం. కావున మందలో అసాధారణ మరణాల నివేదన, జబ్బుపడిన లేదా చనిపోయిన కోళ్ళ అమ్మకంపై నిషేధం, వ్యర్థాలను సున్నంతో గుంతలో పూడ్చడం ఏ పరిమాణపు పెంపకందారుకైనా తప్పనిసరి కావాలి. మందు వాడిన తరువాత నిర్ణీత విరామం పాటించాలి. ఆహార జంతువులలో కొలిస్టిన్ వాడకంపై 2019 నుంచి ఉన్న నిషేధం చిన్నవారికీ వర్తిస్తుంది.

అయితే భారం మోయలేక లెక్కలోకి రాని పెంపకందారు వద్ద ఈ నియమాలేవీ అమలు కావు. ఎవరి పెరటిలో ఎన్ని కోళ్ళున్నవో తెలియని చోట వ్యాధి నిఘా కూడా బలహీనమే. తేలికైన నమోదు అధికారికి ఒక చిరునామాను, రైతుకు సమాచారం ఇవ్వడానికి ఒక ధైర్యాన్ని కలిగిస్తుంది. ఈ కోణంలో సడలింపు నిఘాను పెంచే సాధనం.

ప్రతిపాదనలు

1. సంవత్సరానికి 1,000 వరకు స్వయంగా పెంచిన కోళ్ళను జిల్లా పరిధిలో వినియోగదారుకు నేరుగా అమ్మేవారికి రోజువారీ పరిమితి తొలగించి, గ్రామపంచాయతీ ద్వారా నమోదు మాత్రమే కోరాలి.

2. 1,000 నుంచి 18,000 వరకు నమోదుతో పాటు ప్రతి మందకు అమ్మకానికి ముందు పశువైద్యుని ఆరోగ్య ధ్రువీకరణ, సంవత్సరానికి ఒక తనిఖీ, యాదృచ్ఛిక మాంస నమూనాల పరీక్ష ఉండాలి.

3. మహిళా సంఘం లేదా రైతు ఉత్పత్తిదారుల సంఘం ఒకే ఉమ్మడి వధ కేంద్రాన్ని నమోదు చేసుకొన్నప్పుడు సభ్యులకు వేరుగా నమోదు అవసరం లేదని పాల సంఘాల తరహాలో సవరించాలి.

4. కంపెనీల ఒప్పందంపై పెంచే బ్రాయిలర్ కోళ్ళకు, ఇతరుల నుంచి కొని కోసే వ్యాపారికి ఈ సడలింపులు వర్తించరాదు. ఒక స్థలానికి ఒకే మినహాయింపు ఉండాలి. లేనిచో పెద్ద వ్యాపారం చిన్న పేర్లతో విడిపోయే ప్రమాదం ఉన్నది.

5. వ్యాధి దాచినవారికి మినహాయింపు రద్దు కావాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థుల కర్తవ్యం

నిబంధన మారకముందే చేయదగిన పని చాలా ఉన్నది. ఇప్పటి 50 కోళ్ళ నమోదు గురించి పెంపకందారులకు తెలియజేయడం మొదటి మెట్టు. చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ పరిశుభ్ర మాంసోత్పత్తిలో ఇచ్చే శిక్షణను మండల సంఘాలతో అనుసంధించాలి. కొక్కెర తెగులుకు మొదటి వారంలో లసోటా, ఎనిమిదవ వారంలో ఆర్2బి టీకాలు వేసిన తేదీలు, వాడిన మందులు, మరణాలు నమోదు చేసే ఒక పేజీ మంద పుస్తకాన్ని అలవాటు చేయాలి. మంద ధ్రువీకరణకు రేపు ఆధారం ఈ పుస్తకమే.

విద్యార్థులు క్షేత్ర పర్యటనలలో ఒక్కొక్క గ్రామంలో నెలవారీ అమ్మకాల సంఖ్యను, పండుగ రోజుల గరిష్ఠ సంఖ్యను, ప్రాణంతో అమ్మినప్పటి, శుభ్రపరచి అమ్మినప్పటి ధరల తేడాను సేకరించాలి. పొలం వద్ద కోసిన మాంసం నుంచి, దుకాణ మాంసం నుంచి నమూనాలు తీసి క్రిముల సంఖ్యను పోల్చాలి. ఇట్టి లెక్కలు లేకుండా కోరే సడలింపు అభ్యర్థనగానే మిగిలిపోతుంది.

ముగింపు

పై పరిశీలనను బట్టి, రోజుకు 50 అనే కొలత స్థిరమైన దుకాణానికి సరిపోతుంది గాని పండుగలకు పెంచే పెరటికి సరిపోదని తేలుతున్నది. సాంవత్సరిక పరిమితి, మంద స్థాయి ధ్రువీకరణ, సంఘం బాధ్యత అనే మూడు మార్పులు వినియోగదారు రక్షణను తగ్గించకుండానే ఆ కొరతను తీర్చగలవు. శుభ్రపరచి అమ్మినందువల్ల వచ్చే ఆదాయం కోడిని సాకిన ఇంటికే చేరాలంటే ఈ సవరణలు అవసరం.