పెద్దజాతి మగ సాలెపురుగు - దాని పోషణము

గత వర్షాకాలమున నొకనాటి రాత్రి, చేవెళ్ల ప్రాంతమందలి చందనవెల్లిలో మా బాలుర వసతిగృహపు వరండానుండి కేకలు వినవచ్చినవి. దీపము తీసికొని పోయి చూడగా, అరచేతి వెడల్పున కాళ్లు చాచిన యొక నూగు సాలెపురుగు గోడ వెంబడి నడచుచుండెను. ఒకడు చెప్పు నెత్తెను. మఱియొకడు దానిని పట్టి పెంచుకొందమనెను. చంపగోరినవానికిని, పెంచగోరినవానికిని దానిని గూర్చి తెలిసినది సమానమే, అనగా ఏమియు లేదు. మాకును అంతకంటె నెక్కువ తెలియదు.

వెడల్పైన గాజు సీసాలో దాని నుంచి, నాలుగు కీచురాళ్లను వేసితిమి. అది వానిని ముట్టలేదు. రాత్రియెల్ల గాజు గోడల నెక్కుచు జారుచు నుండెను. మూడవనాటికి, కీచురాళ్లను తెచ్చిన చిన్నవాడు, తన తిండి సరిపడక అది చచ్చుచున్నదని కన్నీరు పెట్టుకొనెను. వానికి సమాధానము చెప్పుటకై మేము గ్రంథములు తిరుగవేసి తెలిసికొన్న సంగతులే యీ పాఠము.

ఇట్టి పెద్ద సాలెపురుగులను టరంటులాలందురు. ఇటలీలోని టరంటో పట్టణమును బట్టి యీ పేరు కలిగినది. ఇవి ఎర కొఱకు గాలిలో వల కట్టవు, పొంచియుండి పట్టును. మన దేశమున నేలబొరియలలో వసించునవియు, చెట్టు తొఱ్ఱలలో వసించునవియు గలవు. తొఱ్ఱలలో నుండువానిలో గుత్తి సాలెపురుగు లోకప్రసిద్ధము. నీలిరంగుతో మెఱయు దీనిని గుత్తిలోని రైల్వే కలప నిలువలో దొరికిన దానినిబట్టి పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1899లో వర్ణించెను. తరువాత నూఱేండ్లకు పైగా ఎవరికిని కనబడక, 2001లో నంద్యాల గిద్దలూరుల నడిమి యడవులలో మరల గానవచ్చెను. 2008లో దీనిని మిక్కిలి యపాయస్థితిలో నున్న జాతిగా లెక్కించిరి. 2019లో దీని జాతికుటుంబ మంతయు అంతర్జాతీయ వాణిజ్య నియమమునకు లోబడినది.

ఇక మగదాని సంగతి. ఆడుది బొరియలోనో తొఱ్ఱలోనో స్థిరముగా నుండి, ఏండ్ల తరబడి కుబుసము విడుచుచు పెరుగుచుండును. గుత్తి జాతిలో ఆడుది పదునొకండు పండ్రెండేండ్లును, మగది మూడు నాలుగేండ్లును బ్రతుకునని చెప్పుదురు. వీనికి దూరపు చుట్టమగు నొక ఆస్ట్రేలియా బొరియ సాలెపురుగును 1974 నుండి శాస్త్రజ్ఞులు గమనించుచు వచ్చిరి. "పదునాఱవ సంఖ్య" యని పేరు పొందిన ఆ ఆడుది ఒక్క బొరియలోనే 43 ఏండ్లు జీవించి, 2016లో కందిరీగ జాతి పురుగువలన మరణించినది. మగదాని కట్టి స్థిరత్వము లేదు. చివరి కుబుసము విడిచి యౌవనము పొందినంతనే అది యిల్లు విడిచి, ఆడుదానిని వెదకుచు రాత్రులు నడచును. అటుపిమ్మట దాని కాయువు కొన్ని నెలలు, లేక సుమారొక యేడాది.

దానిని గుర్తించు విధమేమి? దేహము సన్నగాను, కాళ్లు పొడవుగాను ఉండును. ముఖమున కిరుప్రక్కల నుండు చిన్నకాళ్లవంటి అవయవముల చివర, కుస్తీపట్టువాని పిడికిలివలె బుడిపెలు కనబడును. ఇది నమ్మదగిన గుర్తు. పెక్కు అమెరికా జాతుల మగవానికి ముందుకాళ్లపై కొక్కెములుండును గాని, గుత్తి జాతి మగవానికవి లేవు.

కారణాంతరముచే ఇట్టి మగదానిని సాకవలసి వచ్చినవారు ఈ నియమములను పాటింపవలెను. నేలజాతికి పొట్టియైన పెట్టె కావలెను. ఎత్తునుండి పడిన యెడల మెత్తని పొట్ట పగిలి చచ్చును. మేము ఎత్తైన సీసా నుపయోగించుట తప్పు. చెట్టుజాతికి నిలువు పెట్టెయు, ఎక్కుటకు బెరడు ముక్కయు కావలెను. క్రింద తేమగల మన్ను పరచి, దాగుటకు పెంకు ముక్క నుంచి, మూతకు సన్నని గాలి రంధ్రములు చేయవలెను. ఎండ తగులనీయరాదు. తక్కువ లోతుగల గిన్నెలో నీరెల్లప్పు డుండవలెను; తిండి లేక వారములు గడచును గాని నీరు లేక గడవదు. కాళ్లన్నియు కడుపు క్రిందకు ముడుచుకొన్నచో తొలుత నీటికై చూడవలెను.

వారమున కొక చిన్న కీచురాయి చాలును. మఱునాటికి తినకున్న తీసివేయవలెను. మందు చల్లిన యిండ్ల బొద్దింకలను ఎన్నడును వేయరాదు. ముసలి మగది తినకుండుట రోగము కాదు, మన నేరమును కాదు. దాని మనస్సు త్రోవపై నున్నది. అది మరల సామాన్యముగా కుబుసము విడువదు. విడువబోయిన యెడల ముఖపు బుడిపెలు పాత చర్మమున చిక్కుకొని చచ్చుట కద్దు. చిన్న సాలెపురుగు వెల్లకిల పడియున్న యెడల మాత్రము చచ్చినదని పారవేయవలదు; అది కుబుసము విడుచుచుండవచ్చును. ఆ సమయమున కదలింపరాదు.

చేతితో పట్టుట తగదు. అమెరికా జాతులవలె దురద నూగును విదిలించు శక్తి మన దేశపు వానికి లేదు. కాటే దాని యాయుధము. గుత్తి జాతి బంధువుల కాటువలన తీవ్రమైన నొప్పియు, దినముల తరబడి కండరముల పట్టును కలుగును. కాటు పడినవారు మంత్రము నాశ్రయింపక ఆసుపత్రికి పోవలెను.

ఇంత చదివిన పిమ్మట మేము పిల్లలను ఒక ప్రశ్న యడిగితిమి: దీని మిగిలిన కొలది రాత్రులు ఎవరివి? కొంతసేపు ఎవరును పలుకలేదు. పిమ్మట కీచురాళ్లు తెచ్చిన చిన్నవాడే, "దానివే, అయ్యా" యనెను. నాలుగవనాటి రాత్రి, చినుకులు పడుచుండగా, పొలము గట్టుననున్న రాళ్ల కుప్పకడకు సీసాను కొనిపోతిమి. వాడే మూత తీసెను. సాలెపురుగు అంచున నొక్క నిమిషము నిలిచి, ముందుకాళ్లతో నేలను తడవి, చీకటిలోనికి నడచిపోయెను.

చందనవెల్లి చుట్టును పారిశ్రామికవాడ పెరుగుచున్నది. నేల చదునైనకొలది ఇట్టి కుప్పలును, వాని క్రింది బొరియలును తగ్గును. వానకాలమున మీ గడపలోనికి పెద్ద సాలెపురుగు వచ్చిన, అది దండెత్తి వచ్చినది కాదనియు, త్రోవ తప్పిన బాటసారి యనియు తలంపుడు. దానిపై వెడల్పైన గిన్నెను బోర్లించి, క్రింద గట్టి అట్టను జొప్పించి, బయట రాళ్లకడ విడువుడు. సృష్టికర్త చేతిపనిని ప్రేమించుట యనగా దానిని మన సీసాలో నుంచుకొనుట కాదని ఆ చిన్నవాడు మాకు నేర్పెను. ఆ సీసాలో నిప్పుడు గోరింట కొమ్మ యొకటి యున్నది.