సెల్లారులో బోరు మోటార్లు

విద్యుత్ కారు కొంటామంటే అందరూ బ్యాటరీ సంగతే అడుగుతారు. ఛార్జింగ్ ఎక్కడ పెడతావని అడిగేవాళ్లు తక్కువ. సొంత ఇల్లున్నవారికి ఇబ్బంది లేదు. అపార్టుమెంటువాసులకు మాత్రం అసలు చిక్కంతా అక్కడే. ఈ సంగతి నాకు విజయవాడలో ఉండే మా అక్కావాళ్ల వల్ల తెలిసింది.

కిందటేడు బావ విద్యుత్ కారు కొన్నాడు. సెల్లారులో ప్లగ్గు పెట్టుకుంటానంటే అపార్టుమెంటు సంఘంవారు ఒప్పుకోలేదు. "ఇవాళ నువ్వు, రేపు నలభై ఇళ్లవాళ్లూ అడుగుతారు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పూచీ ఎవరిది?" అన్నారు. బావ పంతం కొద్దీ రెండో అంతస్తు నుంచి వైరు వేలాడదీశాడు. నాలుగో రాత్రి జాయింటు దగ్గర టేపు కరిగి పొగలొచ్చాయి. వాచ్‌మన్ చూశాడు గనుక సరిపోయింది. ఆ పక్క గదిలోనే అతని పిల్లలు పడుకుంటారు.

ఇందులోని భౌతికశాస్త్రం చూద్దాం. 15 ఆంపియర్ల ప్లగ్గుతో ఛార్జి అయ్యే కారు సుమారు 3.3 కిలోవాట్లు తీసుకుంటుంది. పొలంలో 5 హార్స్‌పవర్ మోటారంటే 3.7 కిలోవాట్లు. అంటే ఒక్కో కారూ ఇంచుమించు ఒక బోరు మోటారన్నమాట! గీజరు పావుగంట వేసి ఆపేస్తాం. కారు గంటల తరబడి లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందనే జౌల్ సూత్రం మనం ఇంటర్లోనే చదువుకున్నాం. వదులు జాయింటులో నిరోధం ఎక్కువ కనుక వేడి అక్కడే పుడుతుంది. కాబట్టి తగిన మందంగల రాగి తీగతో జాయింట్లు లేని విడి లైను, సరైన ఎర్తింగు, ఎర్త్ లీకేజి బ్రేకరు తప్పనిసరి.

ఇక సంఘంవారి భయం. 40 కార్లు ఒకేసారి పెడితే 132 కిలోవాట్లు. భయపడాల్సిందే. కానీ ఈ మాట చెప్తే మా నాన్న నవ్వాడు. "మన చేలో చేసిందే చేయమనరా" అన్నాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కరెంటు రాగానే అందరూ ఒక్కసారే మోటార్లు వేసి ట్రాన్స్‌ఫార్మర్ కాల్చారు. అది బాగుపడేలోగా మా మిరపతోట సగం ఎండిపోయింది. తర్వాత రైతులంతా కూర్చుని వంతులు పెట్టుకున్నారు. మళ్లీ కాలలేదు.

ఆ లెక్కే ఇక్కడ వేశాను. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు, యూనిట్‌కు 6 కిలోమీటర్ల చొప్పున, 7 యూనిట్ల లోపే కావాలి. అది రెండు గంటల పని. 40 కార్లకు 80 గంటలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఏ సమయంలోనైనా పదే కార్లు ఎక్కేటట్లు చూస్తే సరిగ్గా 80 గంటలు వస్తాయి. భారం 132 కాదు, 33 కిలోవాట్లే! అర్ధరాత్రి లేచి కార్లు జరపనక్కర్లేదు. వంతులు చూసే నియంత్రణ పరికరాలు ఇప్పుడు ఉన్నాయి. ఎవరి మీటరు వారికుంటే బిల్లు తగాదా కూడా ఉండదు.

ఇళ్లలో ఉన్న కనెక్షన్ నుంచే ఛార్జి చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022లో మార్గదర్శకాలిచ్చింది. కొత్త కట్టడాల పార్కింగులో 20 శాతానికి ఛార్జింగ్ వసతి ఉండాలని నమూనా భవన నియమావళిని 2019లోనే సవరించారు. పాత అపార్టుమెంట్లకు మాత్రం ఇరుగుపొరుగు కలిసి కూర్చోవడమే దారి.

ఈ లెక్క కాగితం మీద రాసి బావకిచ్చాను. సంఘంవారు చదివి, ముందు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత లోడు చూపిద్దామన్నారట. బావ వేలాడే వైరు తీసేశాడు.