వృక్షాయుర్వేద నిదానము – వరిలో ఉల్లికోడు : ఒక పరిశీలన

చికిత్సకు ముందు నిదానము తెలియవలెనన్నది ఆయుర్వేద మర్యాద. వృక్షాయుర్వేదమునకును ఇది వర్తించును. గ్రంథమున చెప్పిన లక్షణమును పొలములోని మొక్కతో సరిచూడక యోగములను వల్లించుట మన అధ్యాపకులలో కానవచ్చు దోషము. అది నాయందును కలదు.

వరాహమిహిరుడు (6వ శతాబ్ది) బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున చలి, గాలి, ఎండలను రోగహేతువులుగా చెప్పెను. ఆకులు పాలిపోవుట, చిగుళ్లెదుగకుండుట, కొమ్మలెండుట, రసము కారుట లక్షణములు. మొదట శస్త్రముతో శోధనము, పిమ్మట వాయువిడంగములు, నేయి, బురద కలిపిన లేపనము, పాలు కలిపిన నీటితో తడుపుట చికిత్స. సురపాలుడు తన వృక్షాయుర్వేదమున రోగములను త్రిదోషజములనియు, బాహ్యహేతువుల వలన కలుగునవనియు రెండుగా విభజించి, క్రిములను బాహ్యహేతువులలో చేర్చెను. ఆక్స్‌ఫర్డు బాడ్లియన్ గ్రంథాలయపు ప్రతి ఆధారముగా, నళినీ సాధలే ఆంగ్లానువాదముతో, ఈ గ్రంథమును ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో సికింద్రాబాదునుండి ప్రకటించినది.

కోరుట్ల ప్రాంతమున పండించు పసుపులో వచ్చు ఆకుమచ్చ తెగులునకు శోధనసూత్రము చక్కగా అన్వయించును. మచ్చపడిన ఆకులను తీసి నాశనము చేయుమనియే నేటి వ్యవసాయశాస్త్రమును చెప్పుచున్నది. అచ్చట లక్షణమును, కారణమును ఆకుమీదనే ఉన్నవి.

వరిలో అట్లు కాదు. సిరిసిల్లకు చెందిన శిష్యుడొకడు ఒకనాడు వరిపిలక తెచ్చి, ఇది ఏ రోగమని అడిగెను. ఆకు విచ్చుకొనక, ఉల్లికాడవలె తెల్లని గొట్టమై యుండెను. పోషణలోపమని తలచి కుణపజలము పోయుమంటిని. అతడు మారు పలుకక గొట్టము కొనయందలి సన్నని రంధ్రమును చూపెను. ఈగ అప్పటికే ఎగిరిపోయినది. కుణపజలము పోషకము; పోయిన పిలకను అది తేలేదు.

ఉల్లికోడు ఈగ దోమను పోలియుండును. గ్రుడ్డునుండి వెడలిన పురుగు పిలక మొదట నున్న అంకురమును చేరి తినుటచే ఆకుతొడిమ గొట్టమగును. ఆ పిలక వెన్ను వేయదు. కనుక ఆకుపై లక్షణము కనబడునాటికి ఆ పిలకకు చికిత్సాకాలము గతించినది. ఉల్లికాడతో పోల్చి రైతులు పెట్టిన ఈ పేరు లక్షణమును చూచినంతనే గుర్తింపజేయును. మన గ్రంథములలో ఇంత స్పష్టమైన నామము నాకు కనబడలేదు.

శాస్త్రయోగములు ముఖ్యముగా ఉపవనవృక్షములకు చెప్పినవి. ఒక్కొక్క చెట్టుకు లేపనము వేయవచ్చును. వరిమడిలో ఒక్కొక్క పిలకకు వేయుట అసాధ్యము. ఇచ్చట ముందుజాగ్రత్తయే చికిత్స. సకాలమున నాటుట, నారు తీయుటకు ముందే నారుమడిలో రక్షణ, పురుగును హరించు ప్లాటిగాస్టర్ ఒరైజే అను సూక్ష్మకీటకమును కాపాడుట, తట్టుకొను విత్తనము నెన్నుకొనుట ముఖ్యములు. జగిత్యాల చెంత పొలాస పరిశోధనస్థానము వెలువరించిన జగిత్యాల సన్నాలు (జె.జి.ఎల్. 1798) అట్టి వంగడము. అయినను ఈ ఈగలో పలు జీవరకములు కలవు. ఒకదానిని తట్టుకొనిన వంగడము వేరొకదానికి లొంగవచ్చును. కావున విత్తనపరీక్ష నిరంతరము సాగవలెను.

ఇందువలన శాస్త్రమునకు న్యూనత లేదు. హేతువును విడదీసి చూడుమన్న సురపాలుని విభాగము నేటికిని గ్రాహ్యమే. నేను యోగమును స్మరించి విభాగమును మరచితిని. వృక్షాయుర్వేదమును బోధించువారు పాఠమునకు ముందు విద్యార్థులతో కూడి ఒక్కసారి నారుమడి గట్టున నిలువవలెనని నా విన్నపము.